ఆత్మవిశ్వాసము ఎట్లు కలుగును?

కొన్నేండ్ల క్రిందట మా కళాశాల భౌతికశాస్త్ర ప్రయోగశాలలో జరిగిన సంగతి ఇది. డిగ్రీ మొదటి సంవత్సరపు విద్యార్థి యొకడు ప్రతివారము తన జతగాని వెనుక నిలుచుండి, అతడు చెప్పిన అంకెలను నోటుపుస్తకమున వ్రాసికొనుచుండెడివాడు. అతడు స్వయముగా వెర్నియర్ కాలిపర్సును చేతబట్టుట నేనెన్నడును చూడలేదు. పల్లెటూరి పాఠశాలలో పదవ తరగతి వరకు తెలుగులో చదివి, ఇంటర్మీడియట్‌లో అత్తెసరు మార్కులతో గట్టెక్కి వచ్చినవాడు. ఒకనాడు ప్రక్కకు పిలిచి కారణమడిగితిని. "నాకు సైన్సు రాదు సార్. సామాను పాడుచేస్తానేమోనని భయం. వచ్చే నెల నుంచి కాలేజీ మానేసి మా మామయ్య కొట్లో కూర్చుందామనుకుంటున్నాను" అని తల వంచుకొని చెప్పెను.

అప్పుడు నేను చాలమంది ఉపాధ్యాయులు చేయు పనినే చేసితిని. భుజము తట్టి, "నువ్వు తెలివైనవాడివి. భయపడకు. నీ వల్ల అవుతుంది" అంటిని. అతడు తల యూపి వెళ్ళిపోయెను. మరుసటి వారము ప్రయోగశాలకే రాలేదు.

నా మాటలో కపటము లేదు. అతడు మూర్ఖుడును కాడు. మరి ఆ మాట ఎందుకు పనిచేయలేదు? ఆత్మవిశ్వాసము మాటలతో పోయదగినది కానిచో, అది మఱి దేనినుండి కలుగును? ఈ ప్రశ్నను మనస్తత్వ శాస్త్రజ్ఞులు అర్ధశతాబ్దికి పైగా ప్రయోగములతో పరీక్షించుచున్నారు. వారు కనుగొన్న విషయములు ఉపాధ్యాయులకును విద్యార్థులకును మిక్కిలి ఉపయోగకరములు.

మూడు మాటలు, మూడు అర్థములు

మనము వాడుకలో ఆత్మగౌరవము, ఆత్మవిశ్వాసము అను మాటలను ఒకదానికి బదులొకటి వాడుచుందుము. శాస్త్రములో ఇట్లు కలగలుపుట కుదరదు. "నేను విలువగల మనిషిని" అను భావము ఆత్మగౌరవము. "నేను ఏ పనినైనను నెగ్గుకొని రాగలను" అను సాధారణ భావమును ఆత్మవిశ్వాస మనవచ్చును. "ఈ పనిని, ఈ పరిస్థితిలో, నేను చేయగలను" అను నిర్దిష్టమైన నమ్మకము మూడవది. దీనిని స్వసామర్థ్య విశ్వాస మందము.

ఈ మూడవదానిని వేరుచేసి చూపినవాడు ఆల్బర్ట్ బండూరా (1925-2021). ఈయన కెనడా దేశమున ఒక చిన్న ఊరిలో పుట్టి, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా పనిచేసెను. 1977లో ప్రకటించిన వ్యాసములో స్వసామర్థ్య విశ్వాసమును గూర్చిన తన సిద్ధాంతమును వివరించెను. దీని ముఖ్య లక్షణమేమనగా, ఇది పనినిబట్టి మారును. బురద చేలో ట్రాక్టరును నదురు బెదురు లేక నడుపు కుఱ్ఱవాడు నల్లబల్ల ముందు సుద్దముక్క పట్టుకొని వణకవచ్చును. వందలమంది ఎదుట పద్యము పాడగల బాలిక బీజగణితపు సమీకరణమును చూచి బెదరవచ్చును. కాబట్టి "వీనికి ఆత్మవిశ్వాసము లేదు" అనుట రోగి నాడి చూడక "వీనికి ఆరోగ్యము లేదు" అనుట వంటిది. ఏ పనిలో లేదు, ఆ పనిలో ఏ మెట్టు దగ్గఱ లేదు అని అడుగవలెను.

ఈ భేదమును పాటింపకపోవుటవలన కలిగిన నిరాశకు ఒక ఉదాహరణ కలదు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము ప్రజలలో ఆత్మగౌరవమును పెంపొందించుటకై 1986లో ఒక ప్రత్యేక సంఘమును నియమించెను. 1990లో ఆ సంఘము తన నివేదికను సమర్పించెను. ఆత్మగౌరవమును పెంచినచో చదువు మొదలు అనేక సాంఘిక సమస్యలు చక్కబడునని అప్పుడు పలువురు ఆశించిరి. కాని 2003లో రాయ్ బౌమైస్టరును, ఆయన సహచరులును అప్పటివరకు జరిగిన పరిశోధనలను సమీక్షించి, ఆత్మగౌరవమును పెంచినంత మాత్రమున చదువు బాగుపడునని చెప్పుటకు తగిన ఆధారము లేదని తేల్చిరి. చదువు బాగుగా సాగుటవలననే కొంతవరకు ఆత్మగౌరవము పెరుగుచున్నట్లు వారికి కనబడెను. బండి ముందు, ఎద్దు వెనుక కట్టిన కథ అయినది.

పాములతో ప్రయోగము

బండూరా తన సిద్ధాంతమును పరీక్షించుటకు పాములనిన ప్రాణభయము గలవారిని ఎన్నుకొనెను. వీరు ఆ భయముచేత తోటపని మానుకొన్నవారు, ఆరుబయట తిరుగుటకు జంకువారు. వీరికి "ఈ పాము విషములేనిది, ఏమియు చేయదు" అని చెప్పిన ప్రయోజనము లేదు. ఆ సంగతి వారికిని తెలియును.

1977లో ప్రకటించిన ప్రయోగములో వీరిని మూడు వర్గములుగా విభజించిరి. మొదటి వర్గమువారు, మార్గదర్శి ప్రక్కన నుండగా, బోవా అను విషరహితమైన పెద్ద పాముతో మెట్టుమెట్టుగా వ్యవహరించుట నేర్చుకొనిరి. చిన్న మెట్లనుండి క్రమముగా పామును ముట్టుకొనుట, పట్టుకొనుట వఱకు వచ్చిరి. భయము హెచ్చినచోట మెట్టును ఇంకను చిన్నదిగా చేసిరి. రెండవ వర్గమువారు మార్గదర్శి ఈ పనులన్నియు చేయుచుండగా చూచిరి, తాము చేయలేదు. మూడవ వర్గమువారికి ఏ శిక్షణయు ఈయలేదు.

ఫలితము స్పష్టముగా నుండెను. స్వయముగా చేసినవారిలో "చేయగలను" అను నమ్మకము అందఱికంటె హెచ్చుగా పెరిగెను. చూచినవారిలో మధ్యస్థముగా పెరిగెను. మూడవ వర్గములో మార్పు స్వల్పము. అంతకంటె ముఖ్యమైన విషయము మఱొకటి. ఒక్కొక్కరు ఏ మెట్టు వఱకు చేయగలమని నమ్మిరో, పరీక్షలో చాలవఱకు ఆ మెట్టు వఱకే చేయగలిగిరి. నమ్మకము పనికి హద్దు గీయుచున్నదన్నమాట. అయితే ఆ హద్దును జరిపినది ఉపన్యాసము కాదు, మెట్టుమెట్టుగా చేసిన పని.

నాలుగు ఊటలు

ఈ నమ్మకము నాలుగు ఊటలనుండి వచ్చునని బండూరా చెప్పెను.

మొదటిది, అన్నిటికంటె బలమైనది, స్వానుభవము. నీటిలో దిగనిదే ఈత రాదు, ఈత వచ్చుననెడి నమ్మకమును రాదు. అయితే ప్రతి విజయమును నమ్మకము నీయదు. మిక్కిలి సులభమైన పనిలో గెలిచినవాడు దానిని లెక్కలోనికి తీసికొనడు. ఇతరుల చేయూతతోనే అంతయు పూర్తియైనచో ఆ గొప్ప ఇతరులకే పోవును. కొంత కష్టపడి, ఒకటి రెండుసార్లు తప్పి, తానే దిద్దుకొని సాధించిన పనియే మనస్సున నిలుచును.

రెండవది తనవంటివారిని చూచుట. ఇక్కడ "తనవంటి" అను మాట ముఖ్యము. 1985లో డేల్ షంక్, ఆంటొనెట్ హాన్సన్ అను పరిశోధకులు తీసివేత లెక్కలలో వెనుకబడిన పిల్లలపై ఒక ప్రయోగము చేసిరి. కొందఱికి తమ యీడు పిల్లవాడు లెక్క నేర్చుకొనుచున్న చిత్రమును, కొందఱికి ఉపాధ్యాయుడు లెక్క చేయుచున్న చిత్రమును చూపిరి. తోటి పిల్లవానిని చూచినవారిలో నమ్మకమును, లెక్కలలో నేర్పును హెచ్చుగా పెరిగెను. ఉపాధ్యాయుడు చేసినచో పిల్లవాడు "ఆయనకు రాక ఏమి" అనుకొనును. తోటివాడు చేసినచో "వాడికి వచ్చినప్పుడు నాకేల రాదు" అనుకొనును.

మనము పిల్లలకు మహనీయుల జీవితములను చెప్పుచుందుము. అది మంచిదే. ఉదాహరణకు, భీమవరమున పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావు (1895-1948) మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు తప్పి మూడవసారి నెగ్గెను. తరువాత అమెరికాకు పోయి, రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ప్రకటించెను. బోదకాలు వ్యాధికి నేటికిని వాడుచున్న డైఇథైల్ కార్బమజీన్ అను మందు ఆయన నాయకత్వమున జరిగిన పరిశోధనలనుండి వచ్చినదే. ఇట్టి కథను చెప్పునప్పుడు ఆయన సాధించిన గొప్ప ఫలితములను మాత్రమే చెప్పి ఊరకుండినచో, విని విద్యార్థి చేతులు జోడించి తన స్థలమునకు తాను పోవును. రెండుసార్లు తప్పిన ఆ బాలుని గూర్చి చెప్పినప్పుడే ఆయన "తనవంటివాడు" అగును. అంతకంటెను దగ్గఱి ఉదాహరణ, అదే ఊరినుండి వచ్చి నిరుడు అదే తరగతి గట్టెక్కిన పై తరగతి విద్యార్థి.

మూడవది ఇతరుల మాట. దీని బలము తక్కువ, పైగా వాడుక తెలియనిచో చెఱుపు చేయును. 1998లో క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ అను పరిశోధకులు అయిదవ తరగతి పిల్లలకు కొన్ని చిక్కు ప్రశ్నలిచ్చి, బాగుగా చేసితిరని మెచ్చుకొనిరి. కొందఱిని "తెలివైనవారు" అని, కొందఱిని "బాగా కష్టపడితిరి" అని మెచ్చుకొనిరి. తరువాత కఠినమైన ప్రశ్నలిచ్చి, ఈసారి సరిగా చేయలేదని చెప్పిరి. పిమ్మట మరల మొదటి వానివంటి ప్రశ్నలే ఇచ్చినప్పుడు, తెలివిని మెచ్చుకొనబడినవారు మునుపటికంటె తక్కువగా, కృషిని మెచ్చుకొనబడినవారు మునుపటికంటె మెఱుగుగా చేసిరి. కారణ మూహింపవచ్చును. గెలుపు తెలివికి గుర్తయినచో, ఓటమి తెలివి లేకుండుటకు గుర్తు కావలెను గదా! తరువాతి పరిశోధనలలో ఇట్టి ప్రభావము అన్నిచోట్లను ఒకే మోతాదున కానరాలేదు. అయినను "నువ్వు తెలివైనవాడివి" అను మాట మందు వంటిది కాదని మాత్రము గ్రహింపవలెను. నేనిచ్చినదియు అదే మందు.

నాలుగవది శరీరస్థితి. మౌఖిక పరీక్షకు ముందు గుండె దడదడ కొట్టుకొనును, అరచేతులు చెమర్చును, నోరెండిపోవును. విద్యార్థి దీనిని "నాకు రాదనుటకు ఇదే గుర్తు" అని అర్థము చేసికొనును. నిజమునకు ఇది శరీరము పనికి సిద్ధమగుచున్న గుర్తు. మూత్రపిండములపై టోపీలవలె నున్న అధివృక్క గ్రంథులు ఎడ్రినలిన్ అను రసమును రక్తములోనికి విడుదల చేయును. దానివలన గుండె వేగము హెచ్చును, కండరములకు రక్తము ఎక్కువగా ప్రవహించును, కాలేయమునుండి చక్కెర రక్తములో చేరును. ఈ మార్పులు ఆపదలో పోరాడుటకో పారిపోవుటకో ఉపకరించునని వాల్టర్ కానన్ అను శరీరధర్మ శాస్త్రజ్ఞుడు 1915లోనే వివరించెను. ఉపన్యాసము, గణిత పరీక్ష వంటి పనులకు ముందు ఈ కలవరమును అణచుకొనుటకంటె, "నాకు ఉత్సాహముగా నున్నది" అని చెప్పుకొన్నవారు మెఱుగుగా చేసిరని అలిసన్ బ్రూక్స్ 2014లో ప్రకటించెను. గుండెదడ ఒకటే, దానికి మనము చెప్పుకొను అర్థము వేఱు.

నిస్సహాయత నేర్చుకొన్నది కాదు

1967లో మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మేయర్ అను శాస్త్రజ్ఞులు కుక్కలపై చేసిన ప్రయోగ మొకటి ప్రసిద్ధికెక్కెను. తప్పించుకొనుటకు వీలులేని విద్యుదాఘాతములకు గురియైన కుక్కలు, తరువాత తప్పించుకొను మార్గమున్నప్పుడును పెక్కుసార్లు ప్రయత్నింపక పడియుండెను. తప్పించుకొను వీలుండిన కుక్కలు అట్లు కాలేదు. "ఏమి చేసినను ఫలితము లేదు" అని జంతువు నేర్చుకొన్నదని వారు తలచి, దానికి "నేర్చుకొన్న నిస్సహాయత" అని పేరిడిరి.

దాదాపు 50 ఏండ్ల తరువాత, 2016లో, ఆ యిద్దఱే తమ వివరణను తలక్రిందులు చేసిరి. అంతలో ఎలుకల మెదడుపై మేయర్ బృందము చేసిన పరిశోధనలలో తేలినదేమనగా, దీర్ఘకాలపు బాధకు చేష్టలుడుగుట మెదడుకు సహజమైన మొదటి ప్రతిక్రియ. దానిని నేర్చుకొన నవసరము లేదు. మెదడు కాండమునందలి ఒక కేంద్రములో సెరొటోనిన్‌ను విడుదల చేయు నాడీకణములు దీనికి కారణము. నేర్చుకొనవలసినది దీనికి వ్యతిరేకమైన సంగతి, అనగా "నేను చేసినదానివలన ఫలితము మారుచున్నది" అనునది. ఈ సంగతిని మెదడు ముందుభాగము గుర్తించి ఆ కేంద్రమును అణచును. ఒకసారి ఇట్లు నేర్చుకొన్న జంతువు తరువాతి కష్టమునకు అంత తేలికగా లొంగదు.

ఎలుకనుండి మనిషికి ఒక్క దూకున దూకరాదు. అయినను ఉపాధ్యాయునికి ఇందులో ఒక సూచన కలదు. వెనుక వరుసలో మౌనముగా కూర్చున్న పిల్లవాడు సోమరి అని తలపనక్కఱలేదు. తన పనికిని ఫలితమునకును గల సంబంధమును అతడింకను చవిచూచి యుండడు.

హద్దు మీఱిన విశ్వాసము

విశ్వాస మెంత హెచ్చయిన అంత మంచిదా? కాదు. 1999లో జస్టిన్ క్రూగర్, డేవిడ్ డన్నింగ్ అనువారు తర్కము, వ్యాకరణము మొదలైనవానిలో విద్యార్థులను పరీక్షించి, తమ స్థానమును తామే అంచనా వేసికొమ్మనిరి. వందమందిని క్రిందినుండి వరుసగా నిలిపినచో సగటున 12వ చోట నిలువవలసినవారు, తాము 62వ చోట నున్నామని తలచిరి. ఇందు గణాంక పద్ధతివలన కలిగిన భాగమెంత అను చర్చ యున్నను, తన తప్పును తాను గుర్తించుటకును కొంత విద్య కావలెననుట మన అనుభవములోని మాటయే.

విద్యార్థులకు ఇంతకంటె దగ్గఱి ఉదాహరణ 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ ప్రకటించినది. ఒక పాఠమును కొందఱు నాలుగుసార్లు చదివిరి. మఱికొందఱు ఒకసారి చదివి, మూడుసార్లు పుస్తకము చూడక గుర్తుకు తెచ్చుకొని వ్రాసిరి. బాగుగా జ్ఞాపకముండునను నమ్మకము నాలుగుసార్లు చదివినవారికే హెచ్చుగా నుండెను. అయిదు నిమిషముల తరువాత వారిదే పైచేయి. కాని వారము గడచినప్పుడు వారికి 40 శాతము, గుర్తుకు తెచ్చుకొనుట సాధనచేసినవారికి 61 శాతము జ్ఞాపకముండెను. పుస్తకము తెఱచియుండగా కలుగు ధైర్యము అరువు ధైర్యము. మూసి వ్రాసినప్పుడు మిగిలినదే సొంతము.

ఉద్యోగములలోను ఇట్లే. 1998లో అలెగ్జాండర్ స్టాకోవిచ్, ఫ్రెడ్ లూథన్స్ అనువారు 114 పరిశోధనలను కూర్చి చూచి, స్వసామర్థ్య విశ్వాసమునకును పనితనమునకును చెప్పుకొనదగిన సంబంధము కలదని కనుగొనిరి. అయితే విశ్వాసమువలన పని బాగుగునట్లే, పని బాగగుటవలన విశ్వాసమును పెరుగును. ఇంటర్వ్యూకు పోవు ముందు అద్దము ముందు నిలిచి "నేను గెలుతును" అని జపించుటకంటె, నలుగురు స్నేహితులను కూర్చుండబెట్టి ప్రశ్నలడిగించుకొని, తడబడినచోట దిద్దుకొనుట మేలు.

మరల ప్రయోగశాలకు

మా విద్యార్థి సంగతి చెప్పవలెను గదా. వాని స్నేహితునిచేత కబురు పెట్టించి మరల పిలిపించితిని. ఈసారి ధైర్యము చెప్పలేదు. ఎవరును లేని సాయంకాలము ఒక గోళీని, వెర్నియర్ కాలిపర్సును చేతికిచ్చి, వ్యాసమును కొలిచి కాగితముపై వ్రాయుమని చెప్పి నా బల్లదగ్గఱకు పోయితిని. మరుసటి వారము స్క్రూగేజితో సన్నని తీగ మందమును కొలిచెను. మూడవ వారము లఘులోలకమును ఒంటరిగా కట్టుకొనెను.

లోలకము పొడవు 100 సెంటీమీటర్లు. 20 ఊపులకు 38.3 సెకన్లని వ్రాసి, గురుత్వ త్వరణమును లెక్క కట్టెను. సెకనుకు సెకనుకు 10.8 మీటర్లు వచ్చెను. ముఖము వాడిపోయినది. "చెప్పాను కద సార్" అనెను. నేను సమాధానము చెప్పలేదు. "ఊపులు లెక్కపెట్టేటప్పుడు నోటితో ఏమనుకున్నావో మళ్ళీ గట్టిగా అను" అంటిని. గడియారము నొక్కుచు "ఒకటి" అనెను. రెండు మూడు ఊపులు గడచునప్పటికి ఆగిపోయెను. "సున్నా అనాలి సార్! నేను పంతొమ్మిదే లెక్కపెట్టాను" అని తానే కేకవేసెను. తిరిగి కొలువగా 40.3 సెకన్లు వచ్చెను. త్వరణము 9.7. మన ప్రాంతపు విలువ సుమారు 9.78. నూటికి ఒక పాలుకూడ తేడా లేదు.

ఆ సాయంకాలము వానిలో కలిగిన మార్పు 9.7 అను అంకెవలన కలిగినది కాదు. 10.8 ఎందుకు వచ్చెనో తానే కనిపెట్టుటవలన కలిగినది. అతడు కళాశాల మానలేదు. తరగతిలో మొదటివాడును కాలేదు. కాని మరుసటి సంవత్సరము క్రొత్తగా వచ్చిన విద్యార్థులు లోలకము కట్టుచుండగా, "సున్నా నుంచి లెక్కపెట్టండిరా" అని వారికి చెప్పుచుండుట విని నాలో నేను నవ్వుకొంటిని.

ఉపాధ్యాయ మిత్రులారా, మీ తరగతిలోను అట్టి పిల్లవాడొకడు జతగాని వెనుక నిలుచుండి అంకెలు వ్రాసికొనుచు ఉండవచ్చును. వాని భుజము తట్టుటతో సరిపుచ్చకుడు. ఒక్కడే చేయదగినంత చిన్న పనిని, తప్పగలిగినంత కఠినమైన పనిని వానిచేతికిండు. తప్పినప్పుడు జవాబు చెప్పక, తప్పు వెదకుటకు దారి చూపుడు. విద్యార్థులారా, "నాకు వచ్చునా రాదా" అని మనస్సును ప్రశ్నించుచు కాలము గడపకుడు. మనస్సుకు ఆ సంగతి ముందుగా తెలియదు. చేతికి పని చెప్పి చూడుడు. జవాబు అక్కడనుండి వచ్చును.